స్లయిడు కథ: బొమ్మ చోటికి అక్షరము వచ్చిన విధము

సినిమాహాలులో చిత్రము మొదలగుటకు ముందు తెరమీద కదలక నిలిచి కనబడెడి ప్రకటనలను మన పెద్దలు 'స్లయిడ్లు' అనెడివారు. ఊరిలోని బట్టలకొట్టు పేరు, పండ్లపొడి డబ్బా బొమ్మ, 'పొగ త్రాగరాదు' అను హెచ్చరిక, నడుమ 'విశ్రాంతి' అను ఒక్క మాట - ఇవన్నియు గాజుపలకలమీది చిన్న బొమ్మలే. ఆపరేటరు దీపము ముందున్న గాడిలో ఒకదానిని త్రోసి, మరియొకదానిని లాగెడివాడు. గాడిలో జారునది కావున ఇంగ్లీషులో దానికి స్లయిడు అని పేరు వచ్చెను. నేడు కంపెనీ సమావేశములలోను, కళాశాల తరగతులలోను కంప్యూటరు తెరమీద చూపెడి పుటకు గాజు లేదు, గాడి లేదు, జారుట లేదు. పేరు మాత్రము మిగిలినది.

ఈ వ్యాసము ఆ పేరు చాటున జరిగిన ఒక మార్పును గురించినది. సుమారు మూడు వందల సంవత్సరములు బొమ్మ స్లయిడుమీద ఉండెను, మాట ఉపన్యాసకుని నోట ఉండెను. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధములో మాట కూడ స్లయిడుమీదికి ఎక్కి కూర్చుండెను. ఇది చిన్న విషయమువలె తోచును. కాని 2003వ సంవత్సరమున ఏడుగురి ప్రాణములతో ముడిపడిన ఒక లెక్క ఒక స్లయిడు అడుగున, చిన్న అక్షరములలో ఉండి, చూచినవారి దృష్టికి ఆనకపోయెను. అంతవరకు ఎట్లు వచ్చినదో తెలియవలెనన్నచో కథను మొదటినుండి చూడవలెను.

హైగెన్స్ లాంతరు

డచ్చి శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ పేరు మన విద్యార్థులకు కాంతి తరంగ సిద్ధాంతము చదువునపుడు పరిచయమగును. శనిగ్రహము చుట్టునున్నది వలయమని గుర్తించినవాడును, లోలకపు గడియారమును నిర్మించినవాడును ఆయనయే. 1659లో ఆయన తన కాగితములలో ఒక అస్థిపంజరము పుఱ్ఱెను తీసి మరల తగిలించుకొనుచున్నట్లు కొన్ని చిన్న బొమ్మలు గీసి, ఇవి లాంతరులో కుంభాకార కటకముల ద్వారా చూపుటకు అని వ్రాసికొనెను. మేజిక్ లాంతరును గూర్చి మనకు దొరకిన తొలి ఆధారములలో ఇది ముఖ్యమైనది.

అంతటి పరికరమును కల్పించినవాడు దానిని గూర్చి గర్వపడలేదనుట వినోదకరమైన విషయము. 1662లో ఆయన తండ్రి, ఆ లాంతరును ఫ్రెంచి రాజుగారి కొలువులో ప్రదర్శింపవలెనని కోరెను. పేరుపొందిన శాస్త్రజ్ఞుని యింటినుండి దయ్యాల బొమ్మలాట వెడలుట హైగెన్సుకు నామోషీగా తోచెను. తండ్రికి కాదనలేక లాంతరును పంపుటకు ఒప్పుకొనెను గాని, పారిసులో ఉన్న తమ్మునికి జాబు వ్రాసి, అందులోని కటకమును ఒకదానిని మెల్లగా తీసివేయుమనియు, అప్పుడది పనిచేయదనియు సలహా చెప్పెను.

మన తోలుబొమ్మలాటకును ఈ లాంతరుకును ఒక పోలిక, ఒక భేదము కలవు. రెంటిలోను దీపము వెనుక, తెర ముందు, నడుమ రంగులు వేసిన పారదర్శక వస్తువు. కాని తోలుబొమ్మను తెరకు ఆనించి ఆడింతురు. కావున తెరమీది బొమ్మ తోలుబొమ్మ అంతయే ఉండును. లాంతరులో గాజుపలకకును తెరకును నడుమ కటకమున్నది. పలకను కటకపు నాభ్యంతరముకంటె కొంచెము ఎక్కువ దూరమున ఉంచినచో తెరమీద తలక్రిందులైన పెద్ద ప్రతిబింబము ఏర్పడును. అందుకే స్లయిడును ఎల్లప్పుడు తలక్రిందులుగా పెట్టవలెను. 1671లో అచ్చయిన కిర్హర్ పండితుని గ్రంథములో ఈ లాంతరు బొమ్మ యున్నది. కాని చిత్రకారుడు పలకను నిలువుగానే చూపెను, కటకమును తప్పుచోట పెట్టెను. ఆ బొమ్మ చూచి లాంతరు చేయబూనినవానికి తెరమీద ఏమియు కనబడియుండదు.

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషు స్లయిడు పలక మూడుంబాతిక అంగుళముల చతురస్రము, అనగా సుమారు 8.25 సెంటీమీటర్లు. నాభ్యంతరము 25 సెంటీమీటర్లు గల కటకమును, 5 మీటర్ల దూరమున తెరను తీసికొందము. కటక సూత్రము ప్రకారము పలకను 26.3 సెంటీమీటర్ల దూరమున ఉంచవలెను. అప్పుడు బొమ్మ 19 రెట్లు పెరిగి, తెరమీద సుమారు 157 సెంటీమీటర్ల చతురస్రమగును. వెడల్పు 19 రెట్లయినపుడు వైశాల్యము 361 రెట్లగును. అనగా పలకను దాటిన వెలుతురు 361 రెట్ల చోటులో పలుచబడును. నూనెదీపము దీనికి ఎట్లు చాలును? హైగెన్సు తరువాత నూటయేబది సంవత్సరములు లాంతరు చీకటి గదులలో, కొద్దిమంది ముందర, దయ్యములను చూపుటకే మిగిలిపోవుటకు కారణము చాలవరకు ఈ లెక్కయే. దయ్యమునకు మసక వెలుతురు చాలును, పాఠమునకు చాలదు.

ఈ చిక్కును సున్నము తీర్చెను. ఆమ్లజని, ఉదజని వాయువులను కలిపి మండించిన మంటను సున్నపు దిమ్మమీద ఊదినచో అది కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని కాంతితో వెలుగును. గోల్డ్స్‌వర్దీ గుర్నీ ప్రయోగములనుండి వచ్చిన ఈ దీపమును థామస్ డ్రమ్మండ్ 1825లో ఐర్లండు భూమి కొలతలలో దూరపు కొండలమధ్య గుర్తుగా ఉపయోగించెను. తరువాత అది నాటకశాలలకును, లాంతరులకును వచ్చెను. లండనులో 1838లో తెరచిన పాలిటెక్నిక్ సంస్థలో వందలమంది ఒకేసారి కూర్చుండి లాంతరు ఉపన్యాసములు వినెడివారు. అటుపిమ్మట ఫిలడెల్ఫియాలోని లాంగెన్‌హైమ్ సోదరులు ఛాయాచిత్రమును గాజుమీద ముద్రించు పద్ధతిని కనిపెట్టి, 1850లో పేటెంటు పొంది, మరుసటి యేట లండను మహాప్రదర్శనశాలలో చూపిరి. అంతవరకు చిత్రకారుడు చేతితో వ్రాసినదే స్లయిడు. ఇప్పుడు నిజమైన పర్వతము, నిజమైన దేవాలయము, సూక్ష్మదర్శినిలోని నిజమైన జీవకణము తెరమీదికి వచ్చెను.

ఈ కాలపు స్లయిడుమీద వాక్యము ఉండదు; ఉండిన పేరు ఉండవచ్చును. పలక ఖరీదైనది, చేయుటకు శ్రమ పట్టును. నోటితో చెప్పగల దానిని గాజుమీద వ్రాయుటకు ఎవరు డబ్బు పెట్టుదురు? అందువలన కంటితో తప్ప తెలియనిదే స్లయిడుకు ఎక్కెను. జర్మను భాషలో కళాచరిత్ర బోధించిన హైన్రిఖ్ వెల్ఫ్లిన్ రెండు లాంతరులను ప్రక్కప్రక్కన పెట్టి, రెండు చిత్రములను ఒకేసారి చూపి, వాటి తేడాను విద్యార్థులచేతనే చూపించెడివాడు. స్లయిడు అను సాధనమునకు ఇంతకన్న మంచి ప్రయోజనమును తరువాతి వారు కనిపెట్టినట్లు నాకు తోచదు.

వర్తకుల లెక్కలు బొమ్మలైన విధము

వర్తకమునకు వచ్చుదము. వర్తకుని వద్ద చూపుటకు పర్వతములు, జీవకణములు లేవు; అంకెలున్నవి. అంకెను బొమ్మ చేయవచ్చునని చూపినవాడు విలియం ప్లేఫేర్ అను స్కాట్లండువాడు. ఆవిరియంత్రపు జేమ్స్ వాట్ వద్ద కొంతకాలము చిత్తుపటములు గీసిన మనిషి. 1786లో ఆయన ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను రేఖాచిత్రములుగా గీసి ఒక గ్రంథము ప్రకటించెను. కాలము అడ్డముగా, ధనము నిలువుగా. ఎగుమతి గీత దిగుమతి గీతకు పైనున్నదా క్రిందనున్నదా అనునది ఒక్క చూపులో తెలియును. స్కాట్లండుకు మాత్రము ఒక్క సంవత్సరపు లెక్కలే దొరకుటచే గీత గీయుటకు వీలులేక, దేశములవారీగా దిమ్మలను గీసెను. నేడు ఏడవ తరగతి పిల్లవాడు గీసెడి దిమ్మెల చిత్రము అట్లు లోటునుండి పుట్టినది. 1801లో వృత్తమును ముక్కలుగా కోసి భాగములను చూపు చిత్రము కూడ ఆయన గ్రంథములోనే కనబడును.

వ్యాపార సంస్థలు ఈ విద్యను అందుకొనుటకు నూరు సంవత్సరములకు పైగా పట్టెను. 1914లో అమెరికా ఇంజనీరు విల్లర్డ్ బ్రింటన్ వాస్తవములను చిత్రములుగా చూపు పద్ధతులపై పెద్ద పుస్తకము వ్రాసెను. 1920లలో ద్యూపాన్ రసాయన కంపెనీవారు తమ కార్యాలయములో దీనికొరకే ఒక గదిని ఏర్పరచిరి. వందలకొద్ది రేఖాచిత్రములను చట్రములలో బిగించి, పైకప్పుకు అమర్చిన పట్టాలమీద వ్రేలాడదీసిరి. సంచాలకులు అర్ధవృత్తముగా కూర్చుందురు. అవసరమైన చిత్రము పట్టాలమీద దొర్లి వారి ముందుకు వచ్చును. ప్రతి శాఖకును ఒకే కొలబద్ద, ఒకే క్రమము. చిత్రము ముందు నిలిచి, ఈ గీత ఇక్కడ ఎందుకు వంగినదని ప్రశ్నించుటయే సమావేశము. అక్కడ కూడ, చూడుడు, వాక్యములు గోడమీద లేవు.

ఆ తరువాతి మెట్లు వేగముగా గడచినవి. 1936లో కోడక్ వారి రంగుల ఫిల్ము 35 మిల్లీమీటర్ల స్లయిడ్లకు వచ్చెను. దాని రసాయన ప్రక్రియను కనుగొన్న మాన్నెస్, గొడౌస్కీ అను వారిద్దరును వృత్తిచేత సంగీతజ్ఞులు. 1961లో ఎనుబది స్లయిడ్లు పట్టు గుండ్రని పళ్ళెముతో 'కరూసెల్' యంత్రము వచ్చెను. 2004లో కోడక్ దాని తయారీని నిలిపివేసెను.

మార్పు తెచ్చినది ఈ అందమైన యంత్రము కాదు. దానికన్న మొరటుదైన ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు. చదునైన గాజుబల్ల, దానిక్రింద దీపము, గాజుతో అంటి మెట్లుమెట్లుగా గాళ్ళు పెట్టిన పలుచని ఫ్రెనెల్ కటకము, పైన కొమ్మకు వ్రేలాడు కటకము, అద్దము. రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా సైన్యము శిక్షణకు దీనిని విరివిగా వాడెను. 1960లలో బడులకును, కార్యాలయములకును చౌకగా వచ్చెను. దీనికి చీకటిగది అక్కరలేదు, ఛాయాచిత్రకారుడు అక్కరలేదు. పారదర్శకపు కాగితముమీద కలముతో వ్రాసినచో చాలును, టైపుయంత్రముతో కొట్టినచో ఇంకను సులభము. గాజుపలక కాలములో బొమ్మకును వాక్యమునకును ఖర్చు ఇంచుమించు సమానము. కావున బొమ్మయే గెలిచెను. ఇప్పుడు వాక్యము దాదాపు ఉచితము, బొమ్మ మాత్రము శ్రమతో కూడినది. ఏది గెలిచెనో ఊహించుట కష్టము కాదు. ఉపన్యాసకుడు తాను మరువకుండ వ్రాసికొన్న చీటీయే సభాసదులు చూడవలసిన చిత్రమయ్యెను.

కాలిఫోర్నియాలో రాబర్ట్ గాస్కిన్స్ 1984లో, ఇట్టి పుటలను కంప్యూటరుమీదనే తయారుచేయు ఒక కార్యక్రమమునకు చిన్న ప్రణాళిక వ్రాసెను. డెన్నిస్ ఆస్టిన్, థామస్ రడ్కిన్ దానిని నిర్మించిరి. మొదట అనుకొన్న పేరు 'ప్రెజెంటర్'. 1987 ఏప్రిలులో మాకింటాష్ కంప్యూటరుకు 'పవర్‌పాయింట్' అను పేరుతో వెలువడినది. అప్పుడది నలుపు తెలుపులలో, ఓవర్‌హెడ్ కాగితములు అచ్చువేయుటకే ఏర్పడినది. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్ట్ కంపెనీ 1 కోటి 40 లక్షల డాలర్లకు దానిని కొనెను. పైన శీర్షిక, క్రింద చుక్క పెట్టి ఒక ముక్క, దానిక్రింద లోపలికి జరిపి ఇంకొక చిన్న ముక్క - ఈ సాంప్రదాయము ఆ యంత్రము కనిపెట్టినది కాదు, దానికి ముందే కార్యాలయములలో ఉన్నదే. కాని క్రొత్త పుట తెరచిన వెంటనే అదే అచ్చు ఎదుట నిలుచుటచే అది లోకమంతట వ్యాపించెను.

కన్ను, చెవి, అక్షరము

వాక్యములు నిండిన స్లయిడు ఎందుకు పనిచేయదో ఉపాధ్యాయులు కొలబద్దతోనే చూపవచ్చును. కంటి వైద్యుని పటములో 6 మీటర్ల దూరమున సరియైన చూపుగలవాడు చదువవలసిన అక్షరము ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు. అది కంటివద్ద 5 నిమిషముల కోణమును చేయును. ఇది కన్ను చిట్లించి చదువు హద్దు. హాయిగా చదువుటకు దానికి నాలుగు రెట్లు, అనగా 20 నిమిషముల కోణము పెట్టుకొందము. చివరి వరుస తెరకు 9 మీటర్ల దూరమున ఉన్నచో అక్షరము 5.2 సెంటీమీటర్ల ఎత్తుండవలెను. తెర ఎత్తు 150 సెంటీమీటర్లయినచో, వరుసల నడుమ ఖాళీతోను, శీర్షికతోను, అంచులతోను కలిపి లెక్కించిన ఎడల పది పన్నెండు వరుసలకన్న పట్టవు. తరగతిలో నల్లబల్లమీద వివిధ పరిమాణముల అక్షరములు వ్రాసి, వెనుక బల్లనుండి చదివించి ఈ లెక్కను సరిచూడవచ్చును.

వరుసలు పట్టినంత మాత్రమున చాలునా? చదువుట కూడ మనస్సులో మాటలు పలుకుటయే. తెరమీది వాక్యమును లోలోపల పలుకుచుండగా ఉపన్యాసకుడు మరియొక వాక్యమును పలికినచో, రెండును ఒకే ఇరుకు త్రోవలో తగులుకొనును. బొమ్మకు ఆ చిక్కు లేదు. కన్ను బొమ్మను చూచుచుండగా చెవి మాటను వినగలదు. రిచర్డ్ మేయర్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇట్టి పరీక్షలను అనేకముగా చేసి, కదలెడి చిత్రమునకు తోడు వివరణ వినినవారు, అదే వివరణను తెరమీద అచ్చులో కూడ చూచుచు వినినవారికన్న బాగుగా గ్రహించిరని చూపెను. ఎక్కువ ఇచ్చిన తక్కువ అందెను.

రెండు నౌకలు

ఇంతవరకు చెప్పినది విసుగునకు, నిద్రకు సంబంధించినది. ఇకమీదటిది అట్టిది కాదు.

1986 జనవరి 27 సాయంకాలము అమెరికాలో యూటా రాష్ట్రపు థయొకాల్ కంపెనీ ఇంజనీర్లు, మరునాడు ఎగురవలసిన 'చాలెంజర్' అంతరిక్ష నౌకను ఆపుమని నాసా సంస్థను టెలిఫోను సమావేశములో కోరిరి. నౌక ప్రక్కనుండు రాకెట్ల కీళ్ళలో వేడి వాయువులు బయటికి రాకుండ రబ్బరు వలయములుండును. చలిలో రబ్బరు బిఱుసెక్కి కీలును మూయదని వారి భయము. ఆ రాత్రి ఫ్లోరిడాలో గడ్డకట్టు చలి. తొందరలో, చాలవరకు చేతివ్రాతతో, పదమూడు పుటలు తయారుచేసి ఫాక్సులో పంపిరి. భయము సత్యమే, సలహా సరియైనదే. కాని వలయములకు కలిగిన నష్టమును, గాలి ఉష్ణతను ఒకే చిత్రములో ఎదురెదురుగా పెట్టిన పుట ఆ పదమూడింటిలో లేదు. చలిలో దెబ్బతిన్న ఒక ప్రయోగమునకు ప్రక్కనే, సుమారు 24 సెంటీగ్రేడు డిగ్రీల వెచ్చదనములో కూడ దెబ్బతిన్న మరియొకటి చర్చకు వచ్చెను. అయినచో చలికిని దీనికిని సంబంధమేమని నాసావారు అడిగిరి. కంపెనీ యాజమాన్యము చివరకు తన సలహాను తానే మార్చుకొనెను. మరునాడు ఉదయము సుమారు 2 డిగ్రీల చలిలో నౌక లేచి, 73 సెకండ్లలో ముక్కలయ్యెను. ఏడుగురు మరణించిరి.

విచారణ సంఘము తరువాత, దెబ్బతినని ప్రయోగములను కూడ చేర్చి లెక్క చూచెను. వలయపు ఉష్ణత సుమారు 19 డిగ్రీలు, అంతకు పైబడినవి ఇరువది ప్రయోగములు. వాటిలో మూడింటికి నష్టము. 17 డిగ్రీలు, అంతకు లోబడినవి నాలుగు, నాలుగింటికిని నష్టము. దెబ్బతిన్న వాటిని మాత్రమే గీసినచో ఏమియు తోచదు. దెబ్బతినని పదునేడు చుక్కలు వెచ్చని వైపున గుమిగూడినపుడే చలి దోషము కనబడును. గణితము బోధించువారికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకుట కష్టము. యేల్ విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ టఫ్టీ ఈ చిత్రమును గీసి, ఇంజనీర్లు దీనిని చూపియుండవలసినదని వ్రాసెను. ఇంజనీర్లలో ఒకడైన రోజర్ బోజొలే, సహరచయితలతో కలిసి దానికి గట్టిగా జవాబిచ్చెను: అన్ని ప్రయోగముల ఉష్ణతలు ఆ రాత్రి తమవద్ద లేవనియు, కావలెనని అడిగిననూ అందలేదనియు. ఈ జవాబును లెక్కలోనికి తీసికొనక ఇంజనీర్లను నిందించుట న్యాయము కాదు. విచారణ సభలో భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్, నొక్కిపట్టిన రబ్బరు ముక్కను మంచునీటి గ్లాసులో ముంచి తీసి, పట్టు వదలినను అది వెంటనే ఉబ్బక యుండుటను అందరికి చూపెను. దానికి స్లయిడు కూడ అవసరము లేకపోయెను.

రెండవది 'కొలంబియా'. 2003 జనవరి 16న అది ఎగిరిన సుమారు 82 సెకండ్లకు, ఇంధనపు తొట్టికి అంటించిన నురగ ముక్క యొకటి ఊడి ఎడమ రెక్కను కొట్టెను. ముక్క బరువు ముప్పాతిక కిలో మాత్రమే. తాకిన వేగము గంటకు 800 కిలోమీటర్లకు పైన. నౌకలో హర్యానాలోని కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లాతో కూడ ఏడుగురున్నారు. రెక్క తట్టుకొనునా లేదా అని లెక్కించు పని బోయింగ్ కంపెనీ ఇంజనీర్లది. జనవరి 24న వారి ఫలితములు స్లయిడ్లుగా నాసా అధికారుల ముందుకు వచ్చెను.

వాటిలో ఒక స్లయిడు చరిత్రకెక్కినది. దాని శీర్షిక, వెనుకటి పరీక్షలను బట్టి చూడగా తమ అంచనా ప్రమాదమును తక్కువ చేయదు, ఎక్కువే చేయును అను ధైర్యమును కలిగించునట్లున్నది. క్రింద చుక్కలు, గీతలు, వజ్రపు గుర్తులు, అంతకు చిన్న చుక్కలు - మెట్టు దిగినకొలది అక్షరము చిన్నదగును. 'గణనీయము' అను అర్థమిచ్చు మాట ఐదుసార్లు వచ్చినది. ఒకచోట అది లెక్కకు రానంత తేడా, ఇంకొకచోట ప్రాణాంతకమైన తేడా. అన్నిటికి అడుగున, చిట్టచివరి భాగములో, అసలు సంగతి యున్నది: నౌకను కొట్టిన పరిస్థితి, పరీక్షించి చూచిన పరిస్థితుల హద్దుకు చాల వెలుపల నున్నది. నురగ ముక్క ఘనపరిమాణము 1920 ఘనపుటంగుళములుగా లెక్కించిరి. పరీక్షలో వాడినది 3 ఘనపుటంగుళములు.

1920ని 3తో భాగించినచో 640. ఆ భాగహారము స్లయిడుమీద లేదు. శీర్షిక ఒకటి చెప్పుచున్నది, చివరి వరుస దానిని కొట్టివేయుచున్నది. పైనుండి క్రిందికి చదువుచు, నడుమ ఊపిరి పీల్చుకొని, తరువాతి స్లయిడుకు పోవు అధికారికి మిగులునది శీర్షికయే. రెక్కను దూరమునుండి ఛాయాచిత్రములు తీయించుమని ఇంజనీర్లు చేసిన కోరికలు కూడ నెరవేరలేదు. ఫిబ్రవరి 1న నౌక వాతావరణములో ప్రవేశించుచు, రెక్క రంధ్రముగుండ వేడి వాయువు చొరబడగా, ముక్కలయ్యెను. ఎవ్వరును బ్రతుకలేదు. ఆ జూలైలో టెక్సాసులోని ప్రయోగశాలలో అట్టి నురగ ముక్కనే తుపాకితో అదే వేగమున రెక్క అంచు పలకపై ప్రయోగింపగా, సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పుగల రంధ్రము పడెను.

ప్రమాదమునకు కారణము స్లయిడు అనరాదు. ఊడినది నురగ, ఊడుట అలవాటేనని ఊరకుండినది సంస్థ. పైగా ఇంజనీర్ల లెక్కలు పెంకులమీదివి, దెబ్బ తగిలినది రెక్క అంచు పలకకు. విచారణ సంఘము కూడ ఈ కారణములనే ముందు పెట్టెను. కాని టఫ్టీ పరిశీలనను తన నివేదికలో చేర్చి, ఇట్టి స్లయిడును చదివిన పెద్ద అధికారికి ఇది ప్రాణాపాయమును గూర్చినదని తోచకపోవుట సహజమే అను అభిప్రాయమును వెల్లడించెను. సాంకేతిక నివేదికలు వ్రాయుటకు మారుగా స్లయిడ్లతో సరిపెట్టుకొను అలవాటును కూడ తప్పుపట్టెను. 2005లో నౌకలు మరల ఎగురుటకు ముందు పరిశీలించిన మరియొక సంఘమునకు, నాసాలో ఆ అలవాటు అప్పటికిని పోలేదని కనబడెను. వర్తక ప్రపంచములో 2004లో అమెజాన్ కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ తన ముఖ్యాధికారుల సమావేశములలో పవర్‌పాయింట్‌ను నిషేధించెను. బదులుగా ఆరు పుటల వ్యాసము వ్రాసి తెచ్చి, సమావేశము మొదట అందరును మౌనముగా చదువుదురు. ఇది వైద్యములలో ఒకటి. మరియొకటి, పెన్సిల్వేనియాలో ఇంజనీర్లకు ఉపన్యాసకళ బోధించు మైఖేల్ ఆలీ ప్రచారము చేసినది: శీర్షికగా విషయము పేరు కాక, చెప్పదలచిన సంగతిని పూర్తి వాక్యముగా వ్రాయుట, దానిక్రింద చుక్కలు కాక, ఆ వాక్యమును ఋజువు చేయు బొమ్మను ఉంచుట. వెల్ఫ్లిన్ రెండు లాంతరుల నడుమ నిలిచి నోటితో చెప్పిన వాక్యమును శీర్షికలోనికి ఎక్కించినట్లే ఇది.

ఈ పద్ధతిలో ఆ బోయింగ్ స్లయిడును విద్యార్థులచేత మరల గీయింపవచ్చును. శీర్షిక ఒక్క వాక్యము: 'రెక్కను తాకిన ముక్క, మనము పరీక్షించిన ముక్కకు 640 రెట్లు.' బొమ్మ ఏమి గీయవలెను? రెండు ఘనములు గీయుదురని ఊహింతును. 3 ఘనపుటంగుళముల ఘనమునకు భుజము 3.7 సెంటీమీటర్లు, పెద్ద నిమ్మకాయ అంత. 1920 ఘనపుటంగుళములకు భుజము 31.6 సెంటీమీటర్లు, పరిమాణము రెండు బిందెల నీళ్ళంత, ముప్పదియొక లీటర్లు. కాని జాగ్రత్త వహింపవలెను. పటములో రెండు ఘనముల భుజములు ఎనిమిదిన్నర రెట్ల తేడాతోను, కాగితముమీద ఆక్రమించు చోటు డెబ్బదినాలుగు రెట్ల తేడాతోను మాత్రమే కనబడును, 640 కనబడదు. మిల్లీమీటరు గళ్ళ కాగితముమీద ఒకే ఒక గడిని నల్లచేయుడు. దాని ప్రక్కన కొంత ఖాళీ విడిచి, 20 గళ్ళ వెడల్పు, 32 గళ్ళ పొడవు గల దీర్ఘచతురస్రమును నల్లచేయుడు. దీనిని గోడకు అంటించి, వెనుక బల్లనుండి చూచినచో మొదటి గడి అసలు కనబడదు. కావున ఒక్కొక్క గడిని 2 సెంటీమీటర్లకు పెంచి, రెండవ దీర్ఘచతురస్రమును 40 సెంటీమీటర్ల వెడల్పు, 64 సెంటీమీటర్ల పొడవుతో నల్లబల్లమీద సుద్దతో గీయుట మేలు.